సీతాఫలాల కొండ మీదికి ఒక బిందె నీళ్లు

పామాయిలు తోటల కోసం దూరదేశాల్లో అడవులు నరికి, ఆ అడవినే నమ్ముకున్న జనాన్ని వెళ్లగొడుతున్నారని కరపత్రాల్లో చదివినప్పుడల్లా నాకు రక్తం ఉడికేది. అదే మొక్క మన బాగేపల్లి దగ్గరి పరగోడు ఊరి అవతల ఒక పల్లెలో, పశువులు మేసే సీతాఫలాల కొండ మీదికి వస్తోందని విన్నాక ఇంట్లో కూర్చోలేకపోయాను.

పొద్దున ఏడింటికి చిక్కబళ్లాపురంలో బస్సెక్కితే బాగేపల్లికి గంట పైనే పట్టింది. అక్కడి నుంచి షేర్ ఆటో, ముప్పై రూపాయలు. నా మొహం చూసి డ్రైవరు అడిగాడు: "కొండకు యాల పోతాండావప్పా? కాయలకా, కొట్లాటకా?" కొట్లాటకే అన్నాను. "అయితే ముందర టిఫిను చెయ్యి. ఒట్టి కడుపుతో గొంతు లేయదు."

కొండ కింద ఊరంతా చేరి ఉంది. ఊరు సరేనంటే ఈ రోజే నాటిస్తానని పామాయిలు కంపెనీ ఏజెంటు వ్యాన్ నిండా మొక్కలు తెచ్చాడు. కొందరు రైతులు మెత్తబడ్డారు కూడా. కొండ పోతే, అక్కడే మేకలు కాసుకునే లక్ష్మమ్మకు అమ్ముకునే కాయలూ పోతాయి, మేకల మేతా పోతుంది. నేను కరపత్రం పైకెత్తి అడవుల గురించి అరవడం మొదలుపెట్టాను.

"గొంతు దించప్పా, మేకలు బెదురుతాండాయి," అంది లక్ష్మమ్మ. తర్వాత ఏజెంటు ముందు నిండు బిందె పెట్టింది. ఈ కొండ మీద మొక్క నాటేవాళ్లు మొదటి వేసవంతా తామే నీళ్లు మోయాలి. అది ఊరి కట్టుబాటు. "ఒక్క బిందె మోసి చూపీప్పా, సాలు."

"బోరు ఏయిస్తామమ్మా," అన్నాడతను.

"ఏయించినోళ్లంతా దుమ్మే సూసినారు!" అంది లక్ష్మమ్మ. జనం గొల్లున నవ్వారు.

పాపం, మంచివాడే, బిందె భుజానికెత్తుకున్నాడు. వెనకే నేనూ ఎక్కాను. సగం దారిలో ఇద్దరం రొప్పుతూ కూలబడ్డాం. "అమ్మా, ఈ చెట్టు రోజూ తాగేదానికి ఎన్ని బిందెలు మోయల్ల!" అని తనే నవ్వేశాడు. అది చూసి, మొదట మెత్తబడిన రైతులే దింపిన మొక్కలను తిరిగి వ్యాన్‌లోకి ఎక్కించారు.

నా కోపం చల్లారలేదు, చల్లారకూడదు కూడా. కొండను మేతకే ఉంచాలని సోమవారం ఊరివాళ్లు తాలూకా కచేరీలో అర్జీ ఇస్తున్నారు, నేనూ పోతున్నాను. కానీ అరవకుండా కూడా ఊరు తన కొండను నిలబెట్టుకోగలదని ఆ రోజు కళ్లారా చూశాను. ఆ ధైర్యం ఏ కరపత్రమూ నాకివ్వలేదు.

మీరు పోయేటట్లయితే వానలు తగ్గే రోజుల్లో పోండి, కాయలు కొండ కిందే కొనండి. మీరే కోసుకుంటామంటే ముందు ఊరివాళ్లను అడగండి. పైన కండ్లు విచ్చని పచ్చికాయను మాత్రం ముట్టుకోకండి. అది ఇంకా కొండదే.