గోడ మీది పసుపు కాళ్ళు

మా తాతలు ఓడెక్కి వచ్చి స్థిరపడ్డ పబేడాన్ పేటలో, మా వీధి గోడకు ఈ ఉదయం మళ్ళీ రంగులు వేస్తున్నారు. ఆ పెయింటు వాసన తగలగానే, మా ఫుట్‌బాల్ క్లబ్బు బొమ్మ ఆ గోడ మీదికి తొలిసారి ఎక్కిన రోజు గుర్తొచ్చింది.

నేనప్పుడు చిన్నపిల్లని. ఓడరేవు కూలీలు పెట్టుకున్న మా క్లబ్బు పాత జట్టులో మా తాత ముందు వరసలో ఆడేవాడట. వాళ్ళ నలుపు తెలుపు ఫొటో చూసి పెయింటర్ అప్పన్న మావ గోడ మీద బొమ్మ గీశాడు. రంగులు నింపడానికి వీధంతా తలో బ్రష్షూ పట్టింది. నా చేతికి అందేవి కాళ్ళే కాబట్టి ఆటగాళ్ళందరికీ మోకాళ్ళ దాకా పసుపు రంగు పూసేశాను.

"ఇదేటమ్మా?" అన్నాడు మావ.

"మన జట్టోళ్ళ కాళ్ళు పసుపే గదా మావా. తాతకి నాన్నమ్మ రోజూ రాత్తాది."

అది క్లబ్బు గుర్తు అనుకున్నాను. వాళ్ళు వట్టి కాళ్ళతో ఆడారనీ, నాన్నమ్మ వేసేది ఆనాటి దెబ్బల నొప్పికి పసుపు పట్టు అనీ నాకేం తెలుసు?

మావ చెరపబోతుంటే తాత కర్ర పట్టుకుని వచ్చాడు. గోడను చాలాసేపు చూశాడు. లుంగీ పైకెత్తి, తన పసుపు కాలిని ఆ బొమ్మ కాలి పక్కనే పెట్టాడు.

"సెరపకురా అప్పన్నా. బూట్లేసుకున్నోళ్ళని ఈ కాళ్ళతోటే గదా ఓడించినాం."

వీధి వీధంతా చప్పట్లు కొట్టింది.

తాత ఇప్పుడు లేడు. వెలిసిన ఆ కాళ్ళకు ఇవాళ రంగు వేస్తున్నది సాయంత్రం ఆటకు దిగబోయే మా క్లబ్బు పిల్లలు. వాళ్ళందరి మేజోళ్ళూ పసుపే.