ఐదును రెండుకు దించిన హెడ్ కోచ్

బట్టల దుకాణంలో పెరిగినవాడికి ఒక జబ్బు ఉంటుంది. ఎదుటివాడు ఏ అంకె చెప్పినా అందులో సగానికి తక్కువే అనాలి. ఎందుకని అడగకూడదు. ఒకసారి డాక్టరు పది రోజులు మందులు మింగమంటే నాలుగు రోజులకు ఒప్పించి బయటికొచ్చాను. డాక్టరు ఒప్పుకున్నాడు గానీ జ్వరం ఒప్పుకోలేదు.

కోరుట్ల దుకాణాల వాళ్ళందరం కలిసి ఫుట్‌బాల్ జట్టు పెట్టినప్పుడు నన్ను కోచ్‌గా ఉండమన్నారు. జగిత్యాలలో డిగ్రీ చదివేటప్పుడు నేను కాలేజీ జట్టులో ఉన్న మాట నిజమే. ఎక్కువగా బెంచీ మీద ఉన్నాను. అది ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. బట్టలో చిరుగు గిరాకీ అడిగితేనే కదా చూపిస్తాం. పైగా ‘హెడ్ కోచ్’ అని రాస్తేనే వస్తానని పట్టుబట్టాను. రాశారు. నా కింద ఇంకో కోచ్ లేడు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడు జట్లు ఆదివారాలు ఒకరితో ఒకరు ఆడాలి. నియమాలు మాట్లాడుకోవడానికి జగిత్యాలలో ఒక చాయ్ హోటల్లో కూర్చున్నాం. జగిత్యాల జట్టు కోచ్ రిటైరైన పీటీ సారు. కాగితం ముందు పెట్టుకుని ఒక్కొక్కటే చదివాడు.

“ఆట నడుమ ఐదుగురిని మార్చుకోవచ్చు” అన్నాడు. అంటే అలసినవాణ్ణి బయటికి పిలిచి, బెంచీ మీదున్నవాణ్ణి దింపుకోవడం.

“ఐదు ఎక్కువైతది సార్. రెండు చేద్దాం” అన్నాను.

ఆయన కళ్ళద్దాల పైనుంచి చూశాడు. “రెండేనా తమ్మీ? మంచిగ ఆలోచన చేసినవా?”

“రెండు మీద ఒక్కటి గూడ ఎక్కువ లేదు.”

“సరే. నీ మాటే కానియ్యి.” సిరిసిల్ల తరఫున వచ్చినాయన కూడా తలూపాడు.

తిరుగు బస్సులో మేడిపల్లి దాటేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను. ఎదుటివాడు అంత తొందరగా ఒప్పుకున్నాడంటే మోసపోయింది మనమే అని మా నాయన గద్దె మీద కూర్చుని రోజూ చెప్పేవాడు. అది చీరల గురించి అనుకున్నాను.

మా జట్టు సంగతి చెప్పాలి. పొద్దుటి నుంచి రాత్రిదాకా మెత్త మీద కూర్చుని చీరలు విప్పేవాళ్ళు, తూకాలు వేసేవాళ్ళు. మొదటి అరగంట పులుల్లా ఉరుకుతారు. చివరి ఇరవై నిమిషాలు బంతి వెంట పోరు, బంతి తమ దగ్గరికి వస్తే చూద్దామని నిలబడతారు. అప్పుడు మార్చుకోవడానికి నాకు ఇద్దరే. మిగతా ముగ్గురు బెంచీ మీద పల్లీలు తింటుండేవాళ్ళు.

“మమ్ముల ఎందుకు దింపుతలేవన్నా?” అని అడిగితే, “రూలే గట్ల ఉంది” అన్నాను. రూలు ఎవరు పెట్టించారో చెప్పలేదు.

వరుసగా మూడు ఆటలు ఓడిపోయాం. గోల్స్ అన్నీ చివరి ఇరవై నిమిషాల్లోనే పడ్డాయి. గోల్ పడినప్పుడు అందరికీ కనిపించేది ఒక్కడే, గోల్‌కీపర్.

అతను మా ఊరివాడే, పెళ్ళయ్యాక సిరిసిల్లలో సాంచాలు నడుపుతున్నాడు. మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. ఎనిమిది సాంచాల మీద ఏ పోగు తెగినా కనిపెట్టే కళ్ళని నేనే ఏరి తెచ్చాను. ఆ మోతలో బతికే మనిషి కాబట్టి గుసగుస చెప్పినా వీధికి వినిపిస్తుంది. మూడో ఆట అయ్యాక బస్టాండులో నన్ను పట్టుకున్నాడు.

“అన్నా, నన్ను తీసేస్తున్నరట గదా.” బస్సు కోసం నిలబడ్డవాళ్ళందరూ మావైపు తిరిగారు.

“ఎవలన్నరు?”

“అందరంటున్నరు. తీస్తే తియ్యుర్రి. గని ఒక్క మాట. వారమంత చెవులల్ల సాంచాల మోతనే. ఐతారం గోల్ కాడ నిలవడితే జర నిమ్మళం ఉంటది. బంతి రానప్పుడు పిట్టలు గూడ ఇనవడ్తయి.”

“మాకు బంతి రానప్పుడనేది ఎక్కడిది రా” అన్నాను. అతను నవ్వాడు. నేను ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. కొంచెం తిన్నాను.

మర్నాడు మధ్యాహ్నం జట్టు కమిటీ కూర్చుంది. పెద్దమనిషి కిరాణం కాకా, మా నాయన దోస్తు. గోల్‌కీపర్‌ను మార్చాలని ఆయన మొదలుపెట్టగానే నేను లేచాను.

“తప్పు ఆయనది గాదు కాకా. మూడు ఆటలూ నావల్లనే ఓడినం.”

కాకా నన్ను ఎగాదిగా చూశాడు. “మూడా? గంత గాదు తియ్యి. ఒకటి నీది, రెండు వానియి.”

“లేదు కాకా, మూడు.”

“పోనీ, ఒకటిన్నర. ఇగ మాట్లాడకు.”

అప్పుడు అర్థమైంది. మా బజార్లో మొదటి మాటను ఎవడూ నమ్మడు. మూడు అన్నానంటే ఒకటికి తెగుతుందని వాళ్ళ లెక్క. దాచడమెందుకు, ఒకటిన్నర దగ్గర నా ప్రాణం కూడా కొంచెం లాగింది. కానీ మిగతా ఒకటిన్నర ఎవరి మీద పడుతుందో తెలుసు.

“సారు ఐదుగురిని మార్చుకొమ్మన్నడు. నేనే రెండుకు దించిన” అన్నాను.

కాకా ముందుకు వంగాడు.

“ఎందుకు దించినవ్?”

“ఆయన ఐదన్నడు గదా.”

ఒక్కరూ తప్పుపట్టలేదు. అందరి తలలూ మెల్లగా ఊగాయి. మూలన కూర్చున్న చెప్పుల దుకాణమాయన, “నేనైతే ఒకటే అనేటోణ్ణి” అన్నాడు.

“దీంట్ల నీ తప్పేముంది” అన్నాడు కాకా. “బేరం బేరమే. గోల్ ఇడిసింది మాత్రం వాడే గదా.”

నా ఒప్పుకోలుకు అక్కడ గిరాకీ లేదు. ఇక మిగిలింది ఒక్కటే. “ఎవలో ఒకలు పోవాలంటే నేను పోత. ఆయన ఉండాలె. దీంట్ల కమ్మి లేదు, జాస్తి లేదు” అని బయటికి నడిచాను.

దుకాణం మెట్లు దిగే గిరాకీని రెండో మెట్టు మీద వెనక్కి పిలుస్తాం. అది మా ధర్మం. నేను చెప్పులు వేసుకోవడానికి అవసరమైనదానికన్నా చాలా ఎక్కువసేపు తీసుకున్నాను. ఒక చెప్పు విప్పి మళ్ళీ వేసుకున్నాను. లోపలినుంచి కాకా గొంతు వినిపించింది: “సరే, గట్లనే కానియ్యుర్రి. కీపర్ ఉంటడు. చాయ్ చెప్పు.”

కొత్త హెడ్ కోచ్ కాకానే. వెంటనే జగిత్యాల వెళ్ళి సారును కలిశాడు. సారు మళ్ళీ ఐదన్నాడట. కాకా నాలుగుకు తెగ్గొట్టి వచ్చాడు.

నాలుగో ఆట సిరిసిల్లలో. నేను గీత బయట జనంలో నిలబడ్డాను. గోల్‌లో మావాడే ఉన్నాడు. చివర్లో ఒక గోల్ పడింది, ఒకటి మేమూ వేశాం, సమానమైంది. బంతి అటువైపున్నంతసేపూ అతను చేతులు నడుము మీద పెట్టుకుని, తల కొంచెం పక్కకు వంచి, చెట్లవైపు చూస్తున్నాడు.

నా పక్కన ముసలాయన పెదవి విరిచాడు. “గీ జట్టు మొదట్ల మూడు ఓడిందట. కీపర్ మంచిగ లేడు.”

“కీపర్ మంచిగనే ఉన్నడు. అప్పటి కోచే మంచిగ లేకుండె” అన్నాను.

“ఏ, ఊకో. ఆడినోళ్ళు ఓడితే బయట నిలవడ్డోడు ఏం చేస్తడు పాపం.”

“మూడు ఆటలూ ఆయనవల్లనే” అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూశాడు. “మూడు గాదు గని, ఒక్కటి అయితే అయి ఉంటది.”