“యాడుండాది సార్?”

2023లో నేను కర్నూలులోని ఒక శిక్షణ సంస్థలో ఫ్రంట్ ఎండ్ బోధిస్తున్నాను. వెబ్ పేజీలో మన కంటికి కనిపించే, వేలికి తగిలే భాగాన్ని కట్టే పని అది. ఆ వేసవిలో ఎమ్మిగనూరు నుంచి రేణుక వచ్చింది. చేనేత కుటుంబం. వీడియోలు చూసి సొంతంగా నేర్చుకుంది. వెళ్లిన ప్రతి ఇంటర్వ్యూలోనూ తిప్పి పంపారు. కారణం మాత్రం ఎవరూ చెప్పలేదు. తర్వాతి సోమవారం కడపలో ఒక కంపెనీ పరీక్ష ఉంది.

“ఇదీ పోతే బట్టలంగట్లో చేరాల్సిందే సార్. మా నాయన మాట్లాడి పెట్టినాడు” అంది.

తను కట్టిన చీరల అమ్మకం పేజీ చూపించింది. చక్కగా ఉంది. నేను మౌస్ తీసి పక్కన పెట్టి, “ఇప్పుడొక చీర కొనమ్మా” అన్నాను. పేజీలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకించే ట్యాబ్ కీ ఎంత నొక్కినా ‘కొనండి’ అన్నచోట ఆగలేదు. ఆమె అక్కడ, ఇది బటన్ అని బ్రౌజర్‌కు చెప్పే ట్యాగ్‌కు బదులు డివ్ అనే ట్యాగ్ వాడింది. డివ్ ఉత్త పెట్టె. రంగు వేస్తే బటన్‌లా కనిపిస్తుంది గానీ కీబోర్డుకు అందదు. మౌస్ వాడలేక కీబోర్డు మీదే ఆధారపడే చూపు లేనివారు ఆ చీర కొనలేరు.

“ఇట్ల ఎవరు నేర్పించినారు?”

“వీడియోల్లో ఒకన్న సార్. మన పక్క మాటే మాట్లాడ్తాడు. శానా మంది చూస్తాండారు. తప్పెట్ల చెప్తాడు?”

మా చర్చి సంఘంలో ఒక అలవాటుంది. ప్రసంగీకుడు ఎంత పేరున్నవాడైనా, వచనం చెప్పగానే అందరం బైబిలు తెరుస్తాం. కనబడకపోతే మార్తమ్మ అవ్వ లేచి, “యాడుండాదప్పా ఆ మాట?” అంటుంది. ఆయన తీసి చూపించాల్సిందే. నేను చదువుకున్న మొదటి బడి అదే.

రేణుకకు ఈ సంగతి చెప్పి డాక్యుమెంటేషన్ తెరిచాను. ఏ ట్యాగ్ ఎందుకో, ఎలా వాడాలో అధికారికంగా రాసిపెట్టిన వివరణ అది.

“అమ్మో, అంతా ఇంగ్లీషే!”

“వీడియో చూసి అర్థం చేసుకో, ఈడ చూసి ఖాయం చేసుకో. ఆ అన్నను వదిలేయొద్దు. అడక్కుండా నమ్మొద్దు, అంతే.”

ఆమె నవ్వింది. “మీ అవ్వ మా నాయన మాదిరే ఉండాది సార్. ఎవురిచ్చిన నూలైనా ఆయప్ప మెలేసి చూడంది మగ్గమెక్కించడు.”

ఆ వారమంతా తన పేజీలోని ఒక్కో ట్యాగ్‌నూ మూలంతో సరిచూసుకుంది. నేను ప్రార్థన చేశాను. సోమవారం సాయంత్రం కడప నుంచి ఫోన్. “బటనే ఎందుకు వాడినావని అడిగిరి సార్. యాడుండాదో తెరిచి చూపిచ్చినా. ఉద్యోగమిచ్చినారు!” దేవునికి స్తోత్రం చెప్పాను.

మరుసటి ఏడు, కొత్త విద్యార్థులతో మాట్లాడమని ఆమెను పిలిచాను. ఆమె మాట్లాడే ముందు నేను పాఠం చెబుతూ, పేజీ మీద తెరుచుకునే చిన్న కిటికీకి మొత్తం కోడ్ మనమే రాయాలన్నాను. వెనక బెంచీ నుంచి ఆమె గొంతు: “యాడుండాది సార్?”

తెరిచి చూశాం. దానికిప్పుడు డైలాగ్ అనే ట్యాగే ఉంది. క్లాసంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. నమ్మదగిన పాఠమంటే ఏమిటో ఆ రోజు నాకు పూర్తిగా తెలిసింది: అడిగినప్పుడు మూలం చూపించగలిగేది, మూలం మారితే తానూ మారేది.

ఆ ఆదివారం సంఘంలో, రేణుకకు ఉద్యోగం వచ్చిన సంగతి దేవుని మేలుగా సాక్ష్యం చెప్పాను. ఆరాధన అయ్యాక మార్తమ్మ అవ్వ నా చేయి పట్టుకుంది.

“ఆ పాప ఇంకా అడుగుతాందా అప్పా?”

“నన్నే అడిగిందవ్వా.”

“అయితే బాగా నేర్పినావు పో.”