అయ్యగారి తలలెక్క

మా ఊరి బౌద్ధ గుడి పూజారి గిషో అయ్యగారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. జంతువుల్ని మనుషుల లెక్కలో చెప్తారు. పిల్లుల్ని రెండు, మూడు అనాలి, మనుషుల్ని ఇద్దరు, ముగ్గురు అనాలి అన్నది బడి మొహం చూడని పిల్లలకు కూడా తెలిసిన సంగతే. ఈయనకు మాత్రం గుడి వెనక కోళ్ళు ఐదుగురు, కొలనులో చేపలు పన్నెండు మంది, గంట మండపం మీద కాకులు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరికి కాలు నొప్పట. అడక్కపోయినా చెప్తారు.

నాది గుడి గోడ పక్కనే టోఫు కొట్టు, సోయా పాలు విరిచి ముక్కలు కోసి అమ్ముతాను. అంచేత ఈ జబ్బు దెబ్బ ముందు నాకే తగిలేది. ఒకరోజు పొద్దున్నే వచ్చి, "సుమియే, ఇవాళ భోజనానికి ఏడుగురం" అన్నారు. పెద్ద గుడి నుంచి ఎవరో దిగారు కాబోలనుకుని మెత్తటి టోఫు ఏడు ముక్కలు కోసి, మీదికి అల్లం తురిమి, పరిగెత్తుకెళ్ళాను. వంటింట్లో అయ్యగారి భార్య ఫుసాయే ఒక్కతే ముల్లంగి తరుగుతోంది.

"చుట్టాలేరీ?" అన్నాను.

"ఏ చుట్టాలు?"

"ఏడుగురన్నారుగా అయ్యగారు!"

ఫుసాయే నెత్తి కొట్టుకుంది. "మేమిద్దరం, కోళ్ళు ఐదూ. నా ఖర్మ! సరే, తెచ్చావుగా, అక్కడ పెట్టు. ఈ వారమంతా మాకు టోఫు పులుసే."

ఇంట్లో అయితే పోనీ అనుకోవచ్చు. గుడి భక్తులం అందరం ఏటా శరదృతువులో బస్సు మాట్లాడుకుని వేడినీటి ఊటలకు వెళ్తాం. ఒకసారి తిరిగి వస్తూ దారిలో టీ కోసం ఆగాం. అందరూ ఎక్కాక అయ్యగారు మెట్టు మీద నిలబడి తలలు లెక్కపెట్టి, "ఒకరు తగ్గారు. బండి కదలడానికి వీల్లేదు" అన్నారు. ఇక చూడండి! ఆడవాళ్ళం కొట్లన్నీ గాలించాం. డ్రైవరు పాపం మరుగుదొడ్ల తలుపులన్నీ కొట్టి తిట్లు తిన్నాడు. ఎవరో నది వైపు కూడా పరిగెత్తారు. చివరికి ఆ తగ్గిన ఒకరు వెదురు పొదల్లోంచి తోక ఊపుకుంటూ వచ్చారు. మాతో వచ్చిన కినుయే గారి కుక్క గోమా! గోమా అంటే నువ్వులు. తెల్లటి ఒంటి మీద నల్ల నువ్వులు చల్లినట్టు చుక్కలుంటాయని ఆ పేరు.

"ఒకరేమిటండీ, ఒకరు! ఒకటి అనాలి!" అని వెనక సీట్లోంచి మోరిజో మాస్టారు లేచారు. కినుయే గారి మరిది ఆయన. ఊళ్ళో సగం మందికి బళ్ళో భాష నేర్పిన మనిషి, తప్పు మాట వింటే చెవిలో చీమ దూరినట్టు గిలగిల్లాడిపోతారు. "కుక్క ఒకటి. మనిషి ఒకరు. అయ్యగారూ, మీరే ఇలా మాట్లాడితే పిల్లలేమైపోవాలి?"

"తప్పే మాస్టారూ, తప్పే" అని అయ్యగారు వినయంగా తల వంచి, డ్రైవరు వైపు తిరిగి, "ముప్ఫై ఒక్కరమూ వచ్చేశాం, పోనివ్వు బాబూ" అన్నారు. మేం ముప్ఫై మందిమి.

వీళ్ళిద్దరి యుద్ధం రోజూ ఉండేది. అన్నగారు పోయాక మాస్టారు రాత్రి భోజనం వదినగారింట్లోనే చేసేవారు. ఆయనకు పెళ్ళీ పెటాకులూ లేవు. చీకటి పడే వేళకు నేను టోఫు ఇవ్వడానికి వెళ్తే, సరిగ్గా అప్పుడే అయ్యగారు గేటు దగ్గర ఆగి కేక వేసేవారు.

"లోపల ఎంతమందండీ?"

"ఇద్దరం, ఒక కుక్క!" అని మాస్టారు.

"అంటే ముగ్గురు."

"ఇద్దరం! ఒక! కుక్క!"

"సరే సరే. ముగ్గురూ చల్లగా ఉండండి" అని అయ్యగారు వెళ్ళిపోయేవారు. మాస్టారు అన్నం తినే పుల్లలు బల్ల మీద పడేసి, "ఈయనకు దీక్ష ఎవరిచ్చారసలు?" అని నా మీద అరిచేవారు, నేనేదో ఇచ్చినట్టు. కినుయే గారు చేప ముళ్ళు తీస్తూ నవ్వేవారు. ముందు మరిదికి, తర్వాత గోమాకి, మిగిలింది తనకు.

ఆ నవ్వే మనిషికి ఒకే ఒక్క బెంగ. అది ఊరందరికీ తెలుసు. "సుమియే, నేను పోయాక గోమాని నాతోపాటు మా ఆయన దగ్గరే పెట్టాలి. చొక్కాలో దాచుకుని తెచ్చాడు దాన్ని, గుప్పెడంత ఉండేది. దాన్ని ఎక్కడో వదిలేసి నేనొక్కదాన్నే వెళ్తే, ఏదీ మన కుక్క అని అడగడూ?" అనేవారు.

మాస్టారు ససేమిరా అన్నారు. "వదినా, అది మా హతనో వంశం సమాధి. మా తాతముత్తాతలున్నారు అందులో. జంతువు వెళ్ళే లోకం వేరు, మనిషి వెళ్ళే లోకం వేరు. రేపు పక్క సమాధుల వాళ్ళకు నేనేం సమాధానం చెప్పాలి? నా కంఠంలో ప్రాణముండగా జరగదు." ఇంటి పెద్ద ఒప్పుకోకుండా సమాధి రాయి కదపడానికి అయ్యగారికి కూడా హక్కు లేదు. ఆవిడ మళ్ళీ అడగలేదు. అడగలేదు గానీ, గోమా ముసలిదై పోయినప్పుడు దాని అస్థికల కూజాని భర్త ఫొటో పక్కనే పెట్టుకుని, రోజూ దానికీ ఇంత అన్నం పెట్టేవారు. మరుసటి వసంతంలో ఆవిడా వెళ్ళిపోయారు. వెళ్ళే ముందు నా చెయ్యి పట్టుకుని ఆ కూజా వైపు చూశారు.

ఆవిడ పోయిన నలభై తొమ్మిదో నాడు, అస్థికలు సమాధిలో పెట్టడానికి అందరం అక్కడ చేరాం. రాయి పక్కకు జరిపారు. మాస్టారు వదినగారి అస్థికల కూజాని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు. నా చంకలో ఇంకో మూట ఉంది.

"అదేమిటి?" అన్నారు మాస్టారు.

"టోఫు" అన్నాను.

"టోఫుకి పట్టుగుడ్డ ఎందుకు?"

ఇక దాచి లాభం లేదు. "గోమా అండీ. ఆవిడ నాకప్పగించి వెళ్ళారు. పక్కన పెట్టనివ్వండి, మీకు పుణ్యముంటుంది."

"కుదరదు. జంతువుల అస్థికలు పెట్టే మండపం ఊరవతల ఉంది, అక్కడికి తీసుకెళ్ళు."

అయ్యగారు మాట్లాడతారేమోనని చూశాను. ఆయన జపమాల సర్దుకుంటూ ఆకాశం వైపు చూస్తున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మీకసలు మనసుందా మాస్టారూ? ఆఖరి ఏళ్ళలో ఆవిడకు తోడున్నదెవరు? ఈ కుక్క కాదూ?"

మాస్టారు మొహం ఎర్రబడిపోయింది. "నువ్వా నాకు చెప్పేది? అన్నయ్య పోయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఎవరెవరున్నారో నాకు తెలీదా? చలికాలం కుంపటి బల్ల మీద పరిచిన ఒకే దుప్పటి కింద కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాళ్ళం, ముగ్గురమూ! వార్తలు చూసేవాళ్ళం, ముగ్గురమూ! తుఫాను రోజు కప్పు ఎగిరిపోతే గోడలో పరుపుల అరలో దూరి తెల్లవార్లూ వణికింది ఎవరనుకున్నావు? మేం ముగ్గురం కాదూ?"

అక్కడితో ఆగిపోయారు.

"ముగ్గురా మాస్టారూ?" అని అయ్యగారు చాలా మెల్లిగా అడిగారు. "ఎవరెవరు?"

"నేను... వదిన..." అన్నారు మాస్టారు. ఆయన పాత శిష్యులు ఎంతోమంది చుట్టూ నిలబడి ఉన్నారు. అందరి ముందూ అంత తప్పు మాట ఆయన నోట రావడం ఎవరూ ఎరగరు. దిద్దుకుంటారనే అనుకున్నాం. ఆయన నా చంకలో మూట వైపు చూస్తూ ఉండిపోయారు. కళ్ళు నిండిపోయాయి.

"ముగ్గురమే ఉండేవాళ్ళం" అన్నారు చివరికి. "ఇలా ఇవ్వు. నువ్వు పట్టుకున్న తీరు చూస్తే పడేసేలా ఉన్నావు."

తనే వంగి, తన చేతులతోనే, అన్నగారికీ వదినగారికీ మధ్యన గోమాని పెట్టారు. పక్క సమాధుల వాళ్ళు కూడా అగరొత్తులు వెలిగించారు.

సాయంత్రం గుడి వంటింట్లో గిన్నెలు తోముతూ, "అదృష్టమమ్మా, మాస్టారు నోరు జారబట్టి సరిపోయింది" అన్నాను.

ఫుసాయే పకపకా నవ్వింది. "అదృష్టమా, నీ మొహమా! మా ఆయన పెళ్ళైన కొత్తలో కోళ్ళని ఐదు అనే అనేవారు. మాస్టారు కాదన్నారని కినుయే గారు ఇక్కడికొచ్చి ఏడ్చి వెళ్ళినప్పటి నుంచీ మొదలైందీ లెక్క. వాదనకు దిగితే మాస్టారే గెలుస్తారు, అందుకని రోజూ చెవిలో వేస్తా అన్నారు. గోమా ఒక్కదాన్నే మనిషిని చేస్తే ఆయన పసిగట్టేస్తారని, ఊళ్ళో ఉన్న కాకినీ చేపనీ కూడా కలిపేశారు."

"అంటే నా టోఫు ఏడు ముక్కలూ?"

"అంతా నాటకమే."

"ఆ చేపలు పన్నెండు మంది?"

"వాటిని ఎప్పుడూ లెక్కే పెట్టలేదు."

ఇన్నేళ్ళు ఊరంతా ఆయన్ను పిచ్చివాడని నవ్వింది. నేనైతే అందరికంటే ఎక్కువ నవ్వాను. ఒకావిడ బెంగ తీర్చడానికి ఇంత నవ్వును నెత్తిన వేసుకున్న మనిషి అవతలి గదిలో తాపీగా టీ తాగుతున్నారు. వెళ్ళి ఒక దణ్ణం పెట్టి, రెండు తిట్లు తిట్టాలని లేచాను. ఈలోగా వాకిట్లో దగ్గు వినిపించింది. మాస్టారు.

ఆయన లోపలికి రాలేదు. గడప దగ్గరే నిలబడి టోపీ నలుపుతున్నారు. "అయ్యగారూ, నేను పోయాక... ఆ సమాధిలో నాక్కూడా చోటుంటుందా?"

"ఎందుకుండదు మాస్టారూ! అన్నగారి పక్కన బోలెడు చోటు."

"వద్దు. అన్నయ్యకు గురక. గోమా పక్కన పెట్టండి."

"అలాగే. కాస్త జరగమని గోమాకి చెప్తాను."

"జరగదు" అన్నారు మాస్టారు, టోపీ నెత్తిన పెట్టుకుంటూ. "చెప్పినా వినే రకం కాదు. నేనే సర్దుకుంటాన్లెండి."