గోళ్ళరంగు వాసన, మా మామ విమానం

మనవరాలు గోళ్ళకు రంగు వేసుకుంటోంది. ఆ వాసన తగలగానే కనకమ్మసత్రంలో మా మేనమామ షెడ్డు గుర్తొచ్చింది. ఆ ఊళ్ళో నా ఈడువాళ్ళు ఇంకా ఎవరైనా ఉంటే చెప్పండి, ఆ షెడ్డు మీకూ గుర్తుందా? అందులో మామ సొంతంగా బుల్లి విమానం కట్టాడు. రెక్కలకు గుడ్డ కుట్టింది మా అమ్మ. ఆ గుడ్డ బిగుసుకోవడానికి పూసే మందు అచ్చం ఇదే వాసన కొట్టేది.

"పాపా, నీ జడ మురుగనికి ఇచ్చేస్తే విమానం లేస్తాది. మొదట నిన్నే ఎక్కిస్తా," అన్నాడు మామ.

నమ్మాను. తిరుత్తణి కొండమీద ఏడవకుండా గుండు చేయించుకున్నాను.

ఆ ఎండాకాలం, విమానాల పిచ్చి ఉన్న పట్నంవాళ్ళు తమ విమానాలతో మా ఎండిన చెరువులో దిగారు. ఊరంతా తిరునాళ్ళలా చేరింది. ఫోటో తీసేవాడూ వచ్చాడు. మామ నా చెయ్యి వదిలేసి, ఊరి భూస్వామి మిరాసుదారు కూతుర్ని, రెండు జడల పిల్లని, తన విమానంలో ఎక్కించాడు.

"మామా, మొదట నేను గదా?"

"గుండుతో ఫోటోలో యాడ బాగుంటావు పాపా? ఇంకోసారి చూస్తాంలే."

విమానం లేచింది. అందరూ తలెత్తి చూశారు. నేను మాత్రం రెక్కలకు కుట్టగా మిగిలిన గుడ్డముక్క గుండుకు చుట్టుకుని, తల ఎత్తకుండా ఇంటికి నడిచాను.