బ్యాండు ముందు నడిచిన రోజులు

బిట్రగుంట లోకోషెడ్డులో నేను కలాసీగా చేరేనాటికి నాకింకా మీసాలు సరిగా రాలేదు. షెడ్డుకొచ్చిన ఇంజన్లను కడిగి తుడవడం నా పని. కిరసనాయిల్లో ముంచిన నూలుపీచుతో చక్రాలు రుద్దీ రుద్దీ, సాయంత్రానికి ఇంజను తెల్లబడేది, నేను నల్లబడేవాణ్ణి. నాయన పోయిన ఏడాదే ఆ ఉద్యోగం దొరికింది. ఇంట్లో అమ్మ, చెల్లెలు, నేను. నా జీతం నెల చివరిదాకా వచ్చేది కాదు. చెల్లెలు రోజూ రైల్లో కావలి హైస్కూలుకి పోయి చదువుకునేది. దాని చదువు మాన్పిద్దామని అమ్మ ఒకటి రెండుసార్లు అనబోయి, దాని మొహం చూసి మింగేసింది.

మా నాయన పెళ్ళిళ్ళ బ్యాండులో క్లారినెట్టు వాయించేవాడు. మంగళవాద్యం మా ఇంట్లో తాతల నాటినుంచీ ఉంది. నాకు వేళ్ళు అందే వయసు రాగానే నాయనే నేర్పాడు. ఆయన పోయాక అమ్మ ఆ క్లారినెట్టుని పాత పంచెలో చుట్టి అటక మీద పెట్టింది. నేను దాని జోలికి పోలేదు. ఊదితే అమ్మ ఏడుస్తుందని భయం.

ఒక ఆదివారం పొద్దున బ్యాండు మాస్టరు మా ఇంటికొచ్చాడు. నాయనకి పాత స్నేహితుడు. మనిషి పొట్టి, ఛాతీ మాత్రం పీపాలాగా ఉండేది. అందరూ ఆయన్ని పెద్దాయన అనేవాళ్ళు. నేను మామా అని పిలిచేవాణ్ణి. గడపమీద కూర్చుని, అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి అన్నాడు:

"అమ్మా, వీడి గొంతులో వాళ్ళ నాయన ఊపిరే ఉండాది. దాన్ని అటకమీద దాచిపెడితే ఎట్టా? షెడ్డు పని మానుకోమని చెప్పడంలా. లగ్గాలప్పుడు సెలవు చూసుకోని నాతో పంపీ. నాలుగు డబ్బులు చేతికొస్తాయి, పిల్ల చదువు నిలబడతాది."

అమ్మ లేచిపోయి అటక మీంచి మూట దించి నా ఒళ్ళో పెట్టింది. పీక తుడిచి ఊదాను. మొదట గాలే వచ్చింది. తర్వాత పాట వచ్చింది. అమ్మ ఏడవలేదు. పొయ్యి దగ్గర్నుంచి, "అది కాదురా, పొద్దున లేస్తానే మీ నాయన వాయించేది ఒకటుండేది చూడు, అది వాయించు" అంది.

అట్లా నేను బ్యాండులో చేరాను. షెడ్డులో డ్యూటీలు మార్చుకోవడానికి తోటి కలాసీల్ని బతిమాలుకునేవాణ్ణి. లగ్గాలున్న మాసాల్లో వచ్చిన డబ్బు అమ్మ చేతిలో పెట్టేవాణ్ణి. చెల్లెలికి పుస్తకాలు, లాంతరుకి కిరసనాయిలు, అమ్మకి ఉబ్బసం మందు అందులోంచే వచ్చేవి.

పాటలు పెద్దాయన దగ్గర కొత్తగా నేర్చుకున్నది తక్కువే. నడక నేర్చుకున్నాను. ఊరేగింపులో ఆయన ముందు నడుస్తూ అడుగడుక్కీ వెనక్కి తిరిగి చూసేవాడు. పెళ్ళికొడుకునో, వెండిపళ్ళేలనో చూస్తున్నాడనుకునేవాణ్ణి. ఒకసారి అడిగితే చెప్పాడు: "అందరికన్నా ఎనకబడి వచ్చే ముసలామె యాడుండాదో చూస్తాండా. ఆమె అందుకోకపోతే మనం బిరబిరా వాయించి ఏం లాభం?" ఆ ముసలామె దగ్గరికొచ్చేదాకా పాటని సాగదీసేవాడు. ఎవరికీ తెలియదు, అందరికీ హాయిగా ఉండేది.

రెండు మూడేళ్ళు అట్లా జరిగాయి. తర్వాత పెద్దాయన పళ్ళు కదలడం మొదలైంది. క్లారినెట్టు పీకని పై పళ్ళకి ఆనించి, కింది పెదవితో అదిమి పట్టాలి. పళ్ళు లేకపోతే పట్టు ఉండదు. ఆయన ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. పై స్వరాల్లో ఆయన వాద్యం కీచుమనేది, నేను వెనకనుంచి గట్టిగా వాయించి దాన్ని కప్పేవాణ్ణి. ఆయనకి తెలుసు. నాకు తెలుసని కూడా తెలుసు.

కావలి దగ్గర ఒక పల్లెలో, పొద్దున ఎదురుకోలు మేళానికి బయల్దేరబోతున్నాం. పెద్దాయన తన క్లారినెట్టుని తుడిచి పెట్టెలో పెట్టేశాడు. వరస చివరికి పోయి తాళాలు చేతికి తీసుకున్నాడు.

"ఏంది మామా?" అన్నాను.

"ఇంక నేను తాళం ఏస్తా. నువ్వు ముందు నడువు."

"నావల్ల కాదు మామా."

"ముందు నడవరా అబ్బయ్యా, ముహూర్తం దాటిపోతాది."

నడిచాను. నా వెనక పెద్దవాళ్ళు, నాయన ఈడు వాళ్ళు. పాట ఎట్లా మొదలుపెట్టానో, ఎట్లా ముగించానో తెలియదు. వీపుమీద అందరి చూపులూ గుచ్చుకుంటున్నట్టే ఉంది. చివరనుంచి తాళం మాత్రం ఒక్కసారి కూడా తొణకలేదు. దాన్ని పట్టుకునే ఆ ఊరి వీధి దాటాను.

వాయించడం వేరు, మనుషుల్ని నడిపించడం వేరు అని నాకు తొందరగానే తెలిసొచ్చింది. బాకాలు ఊదే అన్నదమ్ములిద్దరూ నా మాట వినేవాళ్ళు కాదు. పెద్ద డ్రమ్ము కొట్టే ఆయన ప్రతిసారీ ఆలస్యంగా వచ్చేవాడు. ఒకసారి అందరిముందూ ఆయనమీద కేకలేశాను. ఆయన తల వంచుకుని డ్రమ్ము మెడకి తగిలించుకున్నాడు. ఇంటికొచ్చేటప్పుడు పెద్దాయన నాతో పాటు నడిచాడు.

"అతనెందుకు ఆలస్యమొస్తాడో ఎప్పుడన్నా అడిగినావా?"

"లేదు."

"అడుగు."

మర్నాడు షెడ్డు పని అయ్యాక దారి అడుగుతూ ఆయన ఇంటికి పోయాను. పెద్ద డ్రమ్మాయన ఉండేది సముద్రం వైపు, ఊరికి ఎడంగా ఉండే వాడలో. అప్పట్లో హరిజనవాడ అనేవాళ్ళు. నన్ను చూసి కంగారుపడ్డాడు. కూర్చోమనాలో లేదో తెలియక నులకమంచం వాల్చి మళ్ళీ ఎత్తాడు. నేనే వాల్చుకుని కూర్చున్నాను.

"ఎందుకన్నా ఆలస్యమవతాంది?" అని అడిగాను.

"బస్సులో డ్రమ్ము ఎక్కించుకోరబ్బయ్యా. కొందరు నన్నూ ఎక్కించుకోరు. దాన్ని నెత్తిన పెట్టుకోని నడిచొస్తా. ఇసకదావ గదా."

ఇన్నేళ్ళూ ఆయన ఇసకలో డ్రమ్ము మోసుకొచ్చి, మళ్ళీ మెడకి తగిలించుకుని ఊరంతా తిరిగాడన్నమాట. ఆ రోజునుంచి డ్రమ్ము మా ఇంట్లో పెట్టుకున్నాను. దూరపు ఊళ్ళకైతే నాకు తెలిసిన ఒక గార్డుని అడిగి ప్యాసింజరు బండిలో సామాన్లేసే బ్రేకుపెట్టెలో వేయించేవాణ్ణి. ఆయన చేతులూపుకుంటూ అందరికన్నా ముందొచ్చి స్టేషన్లో కూర్చునేవాడు. నేను కేకలెయ్యడం తగ్గింది. బాకా అన్నదమ్ములు కూడా కొంచెం కొంచెం దారికొచ్చారు.

ఆ తర్వాతి వేసవిలో చిల్లకూరులో ఒక పెళ్ళికి పోయాం. పెద్ద వరిపొలాలున్న రైతు ఇల్లు. గూడూరులో బండి దిగితే ఎద్దుబండ్లు పంపించారు. పొద్దున్నే ముహూర్తం. పెళ్ళి బాగా జరిగింది. ఎండెక్కే వేళకి మేళం ఆపి, చెమట తుడుచుకుంటూ పందిరి పక్కన నిలబడ్డాం. భోజనాలకి మమ్మల్ని ఎప్పుడూ చివరే పిలుస్తారు. చుట్టాలందరూ తిని లేచాక, పెరట్లో మాకు ఆకులు వేస్తారు. మేమూ పెద్ద మర్యాదలు ఎరిగినవాళ్ళం కాదు, దానికి అలవాటుపడ్డాం.

ఆకులు వేశారు. కూర్చోబోతూ చూస్తే డ్రమ్మాయన లేడు. గడ్డివామి వెనక్కి పోతున్నాడు, చేతిలో తన ఆకు పట్టుకుని. ఎవరూ చెప్పనక్కరలేకుండా పోతున్నాడు. ఎన్నో పెళ్ళిళ్ళలో ఆయన అట్లాగే పోయి ఉండాలి. నేను చూసే ఉంటాను. ఆయన ఇంటికి ఆ ఇసకదారిలో నేను పోయొచ్చాక మాత్రం నా కళ్ళు ఆయన వీపుమీంచి పక్కకి పోలేదు.

వడ్డించే పెద్దమనిషిని అడిగాను. "అయ్యా, ఆయన్ని కూడా ఈడే కూర్చోబెట్టండి. మా బ్యాండు మనిషే."

"అదెట్టా కుదురుతాది?" అన్నాడాయన. కోపంగా అనలేదు. పొద్దు ఎటు పొడుస్తుందని నేను అడిగినట్టు నా మొహం చూశాడు. "ఆడ వడ్డిస్తాం గదా. తక్కువేం చెయ్యం."

నాకు వాదించడం చేతకాలేదు. నా ముందున్న ఆకు తీసుకుని గడ్డివామి వెనక్కి పోయి డ్రమ్మాయన పక్కన పరుచుకుని కూర్చున్నాను.

ఆయన అదిరిపడ్డాడు. "ఈడికెందుకొచ్చినావు? నా నోటికాడ కూడు కూడా పోగొడతావా? లేచిపో అబ్బయ్యా, నీకు దణ్ణం పెడతా."

"ఆకలేస్తాందన్నా. కూచోనీ."

కాసేపు ఎవరూ రాలేదు. పందిట్లో ఏదో గుసగుస. తర్వాత అడుగుల చప్పుడైంది. పెద్దాయన, ఒక చేతిలో ఆకు, ఇంకో చేతిలో మంచినీళ్ళ చెంబు. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా నా పక్కన చతికిలబడ్డాడు. "ఈడ నీడ బాగుండాది," అన్నాడు. ఆయన వెనకే చిన్న డ్రమ్ము కొట్టేవాడు, రెండో క్లారినెట్టు వాయించేవాడు వచ్చారు. బాకా అన్నదమ్ములు మాత్రం పెరట్లోనే ఉండిపోయారు.

చివరికి పెళ్ళివాళ్ళు అక్కడికే తెచ్చి వడ్డించారు. పప్పు, వంకాయకూర, పులుసు, బూరెలు. వడ్డించేవాళ్ళు వంగకుండా ఎత్తునుంచి వేశారు. డ్రమ్మాయన తల ఎత్తకుండా తిన్నాడు. ఆయన ముద్ద కలపడం నేనెప్పుడూ చూడలేదు. నెమ్మదిగా, ఒక్క మెతుకు జారకుండా కలుపుతాడు. పెద్దాయన పళ్ళు లేని నోటితో బూరె నానేసుకుని తింటూ, "నలభై ఏళ్ళు ఈ మేళంలో తిరిగినా. ఈ పని నాకెందుకు తట్టలా?" అన్నాడు. నన్నడిగాడో, తనలో తను అనుకున్నాడో.

తర్వాత అంత తేలిగ్గా గడవలేదు. బాకా అన్నదమ్ములు మానేసి ఇంకో బ్యాండులో చేరారు. సంగతి మాకంటే ముందే ఊళ్ళు తిరిగింది. మా చుట్టాలు అమ్మ దగ్గరికొచ్చి చివాట్లు పెట్టారు. అమ్మ వాళ్ళముందు ఏమీ అనలేదు గానీ, నేను డ్యూటీ నుంచి రాగానే, "నువ్వు చేసింది తప్పని నేననను. పిల్ల చదువేం కావాల్రా?" అంది. ఆ లగ్గాలు ఎవరూ పిలవక దాదాపు ఊరికే పోయాయి. షెడ్డులో ఓవర్టైము దొరికితే చేశాను. చెల్లెలు పక్కింటి పిల్లలకి ఎక్కాలు చెప్పి కొంత తెచ్చింది. ఎట్లానో దాని పదో తరగతి గట్టెక్కింది.

అప్పటినుంచి ఎవరైనా బ్యాండు మాట్లాడుకోవడానికొస్తే అడ్వాన్సు తీసుకోకముందే చెప్పేవాణ్ణి: మా వాళ్ళందరికీ ఒకే బంతి, పందిట్లోనైనా, పెరట్లోనైనా, చెట్టుకిందైనా. కొందరు తాంబూలం పళ్ళెం వెనక్కి తీసుకుని పోయారు. కొందరు కాసేపు నేలచూపులు చూసి, సరే అన్నారు. మొదట రైల్వే కాలనీ పెళ్ళిళ్ళు వచ్చాయి. అక్కడ నానా ఊళ్ళ మనుషులు, పట్టింపులు తక్కువ. తర్వాత గూడూరు, నెల్లూరు టౌన్లనుంచి పిలుపులొచ్చాయి. డ్రమ్మాయన చాలాకాలం బంతి చివర, ఒక ఆకు మేర ఖాళీ వదిలి కూర్చునేవాడు. పెద్దాయన ఎప్పుడూ తన చెంబు తీసుకుపోయి ఆ ఖాళీలో కూర్చునేవాడు.

పెద్దాయన ఒక వానాకాలం జ్వరమొచ్చి పోయాడు. ఆ మర్నాడే నాకు షెడ్డులో డ్యూటీ. ఇంజను కింద పడుకుని చక్రాలు తుడుస్తూ ఏడ్చాను. ఆ మసిలో ఎవరూ కనిపెట్టలేదు.

ఆ తర్వాత నాకు ఫైర్‌మన్‌గా ప్రమోషనొచ్చింది. ఇంజనుమీద బెజవాడ దాకా, మద్రాసు దాకా పోవాలి. ఏ రోజు ఎక్కడుంటానో నాకే తెలియదు. బ్యాండు చూసుకోవడానికి మనిషి కావాలి. డ్రమ్మాయన దగ్గరికి పోయి, "ఇంక నువ్వే నడిపించాలన్నా" అన్నాను.

నవ్వాడు. "డ్రమ్ము కొట్టేవాడు మాస్టరు కావడం యాడన్నా ఉండాదా?"

"నీ దెబ్బమీదనే గదా మేమందరం నడిచేది."

వారంపాటు ఒప్పుకోలేదు. చివరికి గూడూరులో ఒక పెళ్ళి మాట్లాడుకోవడానికి ఇద్దరం కలిసి పోయాం. తెల్లచొక్కా ఉతికించుకుని వేసుకున్నాడు. పెళ్ళివారు నాతోనే మాట్లాడుతుంటే, "మా మాస్టరు ఆయన, ఆయన్నడగండి" అన్నాను. వాళ్ళొకరి మొహం ఒకరు చూసుకున్నారు. డ్రమ్మాయన గొంతు సవరించుకుని, ఊరేగింపు ఏ వీధుల్లో పోతుందో అడిగాడు, రేటు చెప్పాడు, బంతి సంగతి చెప్పాడు. గొంతు వణకలేదు. ఇంటాయన కొంచెం ఆలోచించి, తాంబూలం ఆయన చేతిలోనే పెట్టాడు.

తిరిగి స్టేషనుకి నడిచేటప్పుడు ఆయన ఆ తాంబూలాన్ని చేతిలోంచి దించలేదు. ప్లాట్‌ఫారం మీద బెంచీ దొరకగానే కూలబడ్డాడు.

"ఆడ నిలబడి మాట్లాడేటప్పుడు కాళ్ళు ఒకటే వణకడం అబ్బయ్యా."

"మొదటిసారి ముందు నడిచిననాడు నావీ వణికినాయన్నా. పైకి కనపడనీలేదంతే."

"నువ్వనుకున్నావు," అన్నాడు. "నీ ఎనకనే గదా నడిచింది నేను. నీ ప్యాంటు అదరడం చూసి, పడిపోతావేమోనని దెబ్బ నిదానం చేసినా."

దూరంగా బండి కూత వినిపించింది. ఆయన నవ్వుతూ లేచి, నా భుజం పట్టుకుని నిలబడ్డాడు.