గట్టు దాకా వచ్చే అల్లుడు

తాడేపల్లిగూడెంలో సిమెంటు కొట్టు నడిపే ఎలీయాజరుగారు, ఆయన భార్య రూతమ్మగారు 2004లో ఓడెక్కి లక్షద్వీపాల యాత్రకు వెళ్ళొచ్చారు. బాగా అమ్మిన డీలర్లను కంపెనీవాళ్ళు జంటలుగా పంపారు. మా ఇంటికీ వాళ్ళింటికీ గోడ ఒకటే. అందుచేత ఆ విశేషాలు కొన్ని రూతమ్మగారు చెప్పారు, కొన్ని నేను పట్టుబట్టి రాబట్టాను.

ఎలీయాజరుగారు పరువు గల మనిషి. ఇస్త్రీ చొక్కా లేకుండా పాల ప్యాకెట్టుకు కూడా గడప దాటరు. చర్చిలో ఆయన కుర్చీలో ఇంకొకరు కూర్చోరు. భార్య పుట్టిల్లు మాత్రం కొల్లేరు మధ్య ఒక లంక. ఆకివీడు దాటాక గట్టు దాకా బస్సు, అక్కణ్ణించి పడవ. ప్రతి క్రిస్మస్‌కూ మామగారు విశ్వాసంగారు పడవలో కొత్త చాప పరుచుకుని గట్టు దగ్గర కాచుకునేవారు. అల్లుడుగారు గట్టు దాకా వచ్చి, భార్యను పడవెక్కించి, "కొట్టుకి లోడొస్తుందండి మావయ్యగారూ" అని అదే బస్సులో వెనక్కి తిరిగేవారు.

పండగ పూట సిమెంటు లోడు ఎక్కణ్ణించి వస్తుందని విశ్వాసంగారు ఎన్నడూ అడగలేదు. గెడకర్రతో పడవ నెడుతూ కూతురితో మాత్రం, "మనం ఆయన కంటికి ఆనంలేమ్మా" అనేవారు. ఆ నమ్మకంతోనే పోయారు. రూతమ్మగారు భర్తకు అన్నీ వేళకు అమర్చారు గానీ, ఈ ఒక్కటీ క్షమించలేదు. నిజం చెప్పాలంటే, నాకూ ఆయనంటే ఒళ్ళు మంటగానే ఉండేది.

ఓడలో ఎలీయాజరుగారు దర్జాగానే ఉన్నారు. ఆయన లెక్కలో అది నాలుగంతస్తుల లాడ్జి. మంచాలున్నాయి, భోజనాల హాలుంది, టీవీ ఉంది. పెళ్ళయ్యాక ఇద్దరూ పనేమీ లేకుండా పక్కపక్కన కూర్చోవడం అదే మొదలు. ఏం మాట్లాడుకోవాలో తోచక కాసేపు ఇటుకల ధర మాట్లాడుకున్నారట.

మర్నాడు దీవి కనిపించింది. అక్కడ లోతు తక్కువని ఓడ దూరంగానే ఆగింది. ఒడ్డుకు చిన్న పడవల్లో వెళ్ళాలి. ఈ సంగతి కంపెనీవాళ్ళు ముందు చెప్పలేదు.

రూతమ్మగారు కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, పడవ అలతో పైకి లేచే దాకా ఆగి, అరుగు దిగినట్టు దిగి కూర్చున్నారు. తలెత్తి చూస్తే భర్త ఓడ చివరి మెట్టు మీద కడ్డీ పట్టుకుని నిలబడిపోయారు. ఇస్త్రీ చొక్కా చెమటకు వీపునంటుకుపోయింది. వెనక మిగతా డీలర్లు భార్యలతో వరుసకట్టి ఉన్నారు.

"రండి" అన్నారావిడ.

"నువ్వెళ్ళి చూసిరా రూతూ. నాకు..." అని ఆయన వంక కోసం వెతుక్కున్నారు. నడిసముద్రంలో లోడు రాదు.

ఆవిడ పడవ దిగి మళ్ళీ ఓడెక్కేశారు. అందరూ వెళ్ళాక అడిగారు.

"నీళ్ళంటే భయమాండీ మీకు?"

"చిన్నప్పట్నించీనూ. పడవ ఊగితే నా ప్రాణం పోద్ది."

"మరి చెప్పలేదేంటండీ ఇన్నాళ్ళూ?"

"అల్లుణ్ణి కదే. పిల్లనిచ్చినోళ్ళ దగ్గర పడవెక్కడానికి భయమని ఎలా చెప్పను?"

రూతమ్మగారికి ముందు నవ్వొచ్చిందట. కొంగు అడ్డం పెట్టుకుని కడుపారా నవ్వారు. ఆ నవ్వులోనే ఏడుపొచ్చింది.

"ఆ ఒక్క ముక్క మా నాన్నతో అనుంటే, మిమ్మల్ని పసిబిడ్డలా పొదువుకుని దాటించేవోడండి. ఆయన మిమ్మల్ని తిట్టుకుంటా పోలేదండి. తనదే తక్కువ బతుకనుకుని పోయాడు."

హాయిగా గడపమని కంపెనీవాళ్ళు ఇచ్చిన ఆ రోజంతా ఎలీయాజరుగారు ఏడుస్తూనే ఉన్నారట.